ఇరవై ఐదో సంతకం

కాలర్‌ని ముందు లోపలి వైపు చేయాలి. రెండు కొసల నుంచి మధ్యకి ఇస్త్రీపెట్టె జరుపుకుంటూ రావాలి. లేకపోతే కొస దగ్గర ముడత నిలబడిపోయి, మెడ మీద నలిగిన చెవిలా కనిపిస్తుంది. ఇంకోసారి నీళ్ళు చిలకరించాను. ఈ తెల్లచొక్కా మా ఆడపడుచుది. ఇవాళ పన్నెండు గంటల లోపు వార్డు ఆఫీసులో ఫారం ఇవ్వడానికి దీన్ని వేసుకుని వెళ్తుంది. అక్కడ ఫోటో తీస్తారట. అందుకని "వదినా, కాలర్ కత్తిలా ఉండాలి" అని నిన్ననే చెప్పింది.

ఆమెని ఇంట్లో అందరూ పాప అంటారు. ఇరవై మూడు నిండినా, కాలేజీలో పెద్ద చదువు చదువుతున్నా, వందమంది ముందు మైకు పట్టుకుని మాట్లాడుతున్నా పాపే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాదిన్నర. వచ్చిన రోజు నుంచీ నేను వదినని. పాపకి వదినని, పాప స్నేహితులకి వదినని, వీధిలో వాళ్ళకి పాప వాళ్ళ వదినని. ఒకసారి కూరగాయలతను, నాకంటే పదేళ్ళన్నా పెద్దవాడు, "వదినగారూ, సంచి పట్టండి" అన్నాడు. పట్టాను. నిజానికి పాప కంటే నేను నాలుగు నెలలు చిన్న. ఆ సంగతి నేను దాచలేదు. ఎవరూ అడగలేదు.

నాకు పాపంటే కుళ్ళు. ఇంతకంటే మెత్తని మాట ఏదైనా ఉందేమోనని చాలా రోజులు వెతికాను, దొరకలేదు. ఆమె చదువు మీద కాదు, బట్టల మీద అంతకన్నా కాదు. ఆమె ఇంట్లోంచి బయటికి వెళ్ళే తీరు మీద. సంచీ భుజాన వేసుకుంటుంది, నిలుచున్నపళాన బూట్లలోకి కాళ్ళు దూరుస్తుంది, తలుపు ధడాలున పడుతుంది. అంతే, వెళ్ళిపోయింది. ఎవరికీ ఏమీ చెప్పదు. ఎవరూ ఏమీ అడగరు. నేను మాత్రం రోజూ తొమ్మిదింటికి అదే కుట్టుషెడ్డుకి, అదే దారిన వెళ్తాను. అయినా గుమ్మంలో నిలబడి "అత్తయ్యా, వెళ్ళొస్తాను" అనాలి. లోపల్నుంచి మూడు ప్రశ్నలు వస్తాయి. ఎక్కడికి? ఎందుకు? ఎప్పుడొస్తావు? అత్తయ్య చెడ్డమనిషి కాదు. నేను చెప్పిందే రోజూ శ్రద్ధగా వింటుంది, పొయ్యి కట్టేశానా అని నాలుగో ప్రశ్న కూడా వేస్తుంది.

ఆదివారం సాయంత్రాలు పాప స్నేహితులు వస్తారు. ముందుగదిలో చాప మీద ఏడెనిమిది మంది కూర్చుని దేశం గురించి మాట్లాడతారు. నేను టీ పెడతాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే అందరి మొహాలూ కనిపిస్తాయి. ఒక కళ్ళజోడు అబ్బాయి, ముసలాళ్ళు చేసే చట్టాల కింద బతకాల్సింది మనం కదా అంటాడు. ఇంకో అమ్మాయి, పరీక్ష రాసి రెండేళ్ళయినా ఫలితాలు రాలేదు, ఎవర్ని అడగాలో చెప్పేవాళ్ళు కూడా లేరు అంటుంది. పాప అందరి మాటా విని చివర్న నెమ్మదిగా మొదలుపెడుతుంది. పదేళ్ళ తర్వాత ఈ దేశం ఎలా ఉండాలో, మనకి మాట్లాడే చోటు ఎందుకు కావాలో చెబుతుంటే గ్లాసులు పట్టుకున్న చేతులు అలాగే ఆగిపోతాయి. నా చేతులు కూడా. ఆమె బాగా మాట్లాడుతుంది, అది ఒప్పుకోవాలి. ఒకరోజు ట్రే కింద పెట్టి అక్కడే గోడకి ఆనుకుని కూర్చోబోయాను. మా ఆయన నవ్వుతూ, "దేశం సంగతి వాళ్ళు చూసుకుంటారు గానీ నువ్వు కూరలో ఉప్పు సంగతి చూడు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వెళ్ళి చూస్తే ఉప్పు సరిపోయింది. ఆ రాత్రి అంట్లు తోముతుంటే అత్తయ్య పక్కన నిలబడి, "కుర్రాళ్ళు, ఆవేశపడతారు. మనలాంటి పెద్దవాళ్ళకెందుకమ్మా ఆ గోల" అంది. ఆమెకి యాభై ఎనిమిది. ఆ "మన"లో నేను కూడా ఉన్నానని అర్థం కావడానికి రెండు గిన్నెలు తోమేంత సేపు పట్టింది.

మాట్లాడటం నాకు రాదని కాదు. మా ఊరి బళ్ళో గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. రోజూ పొద్దున దాని మీద నేటి వార్త రాయాలి. నా అక్షరం బాగుంటుందని మాస్టారు ఆ పని నాకే ఇచ్చారు. పేపర్లో నుంచి ఒక వాక్యం ఎంచుకుని రాసేదాన్ని. మంత్రి ఫలానా చోటికి వెళ్ళాడు, ఫలానా వంతెన కట్టారు. తొమ్మిదో తరగతిలో ఒకరోజు దాని కింద ఇంకో వాక్యం రాశాను: మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు. మాస్టారు వచ్చి చూశారు. అరుస్తారనుకున్నాను. ఆయన డస్టరు తీసుకుని మంత్రి వాక్యం చెరిపేసి, నాది ఉంచారు. మూడు రోజులుంది. నాలుగో రోజు వడ్రంగి వచ్చాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకునే చోట దొడ్డి తలుపు గురించి ఎలా చెప్పాలి?

మా పట్నంలో ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. పాతికేళ్ళ లోపు వాళ్ళొకరు ప్రతి వార్డు నుంచీ పట్నం సభలో ఏడాది పాటు కూర్చోవచ్చు. లేచి ప్రశ్న అడగొచ్చు. అడిగింది పుస్తకంలో రాస్తారు, జవాబు చెప్పాలి. అలా వెళ్ళాలనుకున్నవాళ్ళు ఒక ఫారం మీద అదే వార్డులో ఉండే పాతికేళ్ళ లోపు వాళ్ళ సంతకాలు ఇరవై ఐదు తేవాలి. ఒకరు ఒక్క ఫారం మీదే పెట్టాలి. నిలబడేవాళ్ళు తమ ఫారం మీద తాము పెట్టకూడదు. పాప ఫారం తెచ్చిన సోమవారం ఇల్లంతా సందడి. తీరా చూస్తే పాప స్నేహితులంతా వేరే వార్డుల వాళ్ళు. మా వీధిలో పాపకి ఎవరూ తెలియరు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉంది, ఎదురింట్లో ఎవరున్నారో అడిగితే చెప్పలేదు. నన్ను పట్టుకుని, "వదినా, నువ్వే నాకు దిక్కు. మీ షెడ్డులో అందరూ చిన్నపిల్లలే కదా, చుట్టుపక్కల వీధుల వాళ్ళే కదా. నీ మాట కాదనరు" అంది. ఇంకో మాట కూడా అంది. "పైన నా పేరు నువ్వే రాయి. నా రాత కోడి గెలికినట్టుంటుంది."

పేరు చివర్లో రాద్దామనుకున్నాను. మర్చిపోయానని ఇప్పుడు చెబితే అబద్ధం.

షెడ్డులో నాది కాజాలు తీసే పని. చొక్కాలకి, బడి యూనిఫారాలకి, ఒక్కోదానికి ఏడు. అక్కడ నన్ను కాజాల పిల్ల అంటారు. ఇంట్లో పెద్దదాన్ని, షెడ్డులో పిల్లని. మధ్యలో ఉన్న అరమైలు దారిలోనే నా వయసు నాకుంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఫారం తీశాను. కటింగు బల్ల దగ్గర పనిచేసే పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, "సభకి నువ్వు నిలబడుతున్నావా?" అంది. పక్కన మిషన్ నడుస్తోంది. నేను వినలేదనుకోవడానికి వీలుంది. వంగి నోటితో దారం కొరికాను. ఊ అనలేదు, ఊహూ అనలేదు. తలెత్తేసరికి ఆమె సంతకం పెట్టేసి, పెన్ను పక్కామెకి ఇచ్చి, "కాజాల పిల్ల సభకి వెళ్తోందంటే, పెట్టు పెట్టు" అంటోంది. సాయంత్రానికి షెడ్డంతా అదే మాట. నేను ఒక్కరికీ కాదని చెప్పలేదు.

వాళ్ళు ఉత్తినే సంతకాలు పెట్టి వదల్లేదు. సభకి వెళ్తే ఇది అడుగు, అది అడుగు అన్నారు. నేను విడిగా ఒక కాగితం మీద పేరు పక్కన మాట రాసుకున్నాను. షెడ్డు వెనక బాత్రూముకి గొళ్ళెం లేదు, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట కాపలా నిలబడాలి, ఆ కాపలాకి కూడా సూపర్‌వైజరు నిమిషాలు లెక్కేస్తాడు. చంటిపిల్ల తల్లి ఒకామె, పిల్లని ఎక్కడ వదలాలో అడగమంది. ఒకామె బస్సు నడపడం నేర్చుకోవాలంది, నేర్పేచోట ఆడవాళ్ళని ఎందుకు చేర్చుకోరో అడగమంది. గుండీలు కుట్టే పిల్ల మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. "దేశం ఎలా ఉండాలని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. రేపు ఆలోచించుకుని చెప్తా" అంది. మర్నాడు వచ్చి చెప్పింది. "పోయిన ఓట్లప్పుడు మా ఆయన చెప్పిన గుర్తుకి వేశాను. ఈసారి ఇంట్లోంచి ఆ గది దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్ళాలి. అంతే. తర్వాత ఎవరికి వేస్తానో అది నా ఇష్టం." అది ఆమె అన్నట్టే, ఒక్క మాట మార్చకుండా రాసుకున్నాను.

బుధవారం పాప నా సంచీలో ఆ కాగితం చూసింది. "వదినా, ఇవి బంగారం" అని నన్ను వాటేసుకుంది. అంత ప్రేమగా మా అమ్మ కూడా వాటేసుకుని ఉండదు. గురువారం సాయంత్రం స్నేహితుల్ని పిలిచి, సభలో ఏం మాట్లాడుతుందో నిలబడి చెప్పి చూపించింది. గొళ్ళెం చెప్పింది, చంటిపిల్ల చెప్పింది. చివర్న గొంతు తగ్గించి, "దేశం ఎలా ఉండాలని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు" అంది. "నన్నెవరూ" అంది. తనని ఎవరూ అడగనట్టు. పుట్టినప్పటి నుంచీ ఆమెని ఏం కావాలి పాపా, ఏం తింటావు పాపా, ఏం చదువుతావు పాపా అని ఇల్లంతా అడుగుతూనే ఉంది. కళ్ళజోడు అబ్బాయి చప్పట్లు కొట్టాడు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. నా కళ్ళలో ఎవరో కారం చల్లినట్టయింది. గుండీలు కుట్టే పిల్ల ఒక రాత్రంతా ఆలోచించి తెచ్చిన మాట అది. నా ముందు పెట్టిన మాట. పాప నోట్లో అది ఎంత బాగుందో చూస్తుంటే ఇంకా మండింది. అదే మాట నేను అంటే అంత బాగా రాదేమో. అప్పుడు కూడా పాప నా వైపు చూసి నవ్వింది. "ఇదంతా మా వదిన చలవే" అని అందరికీ చెప్పింది. టీ గురించి కూడా అదే మాట అంటుంది.

ఇవాళ్టికి సంతకాలు ఇరవై నాలుగు. నిన్నటి దాకా ఇరవై ఐదు ఉన్నాయి. ప్యాకింగు ఆమెకి పోయినవారమే పాతికేళ్ళు నిండాయని నిన్న తేలింది, తన సంతకం తనే నవ్వి కొట్టేసింది. అందుకే ఇప్పుడు పాప ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతోంది. గడియారంలో పదింబావు, పాప కోసం నేను ఇవాళ షెడ్డుకి సెలవు పెట్టాను. నేను కాలర్ ముగించి చొక్కా కుడిచెయ్యి మీదకి వచ్చాను.

"మేడ మీద అద్దెకున్న అబ్బాయి?" అంది అత్తయ్య. ఊళ్ళో లేడంది పాప. ఎదురింటి కుర్రాడికి పదిహేడే. మందులషాపులో అమ్మాయిది పక్క వార్డు. మా ఆయన గడ్డానికి సబ్బు పూసుకుంటూ వచ్చి, పాత చిరునామా పుస్తకం తీసి పేజీలు తిప్పారు. ముగ్గురూ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇల్లిల్లూ వెతుకుతున్నారు. నేను వాళ్ళకి నాలుగడుగుల దూరంలో నిలబడి చొక్కా చెయ్యి తిప్పుతున్నాను. ఇస్త్రీపెట్టె ఆవిరి వాళ్ళ దాకా వెళ్తోంది. అడుగుతారేమోనని చూశాను. నిజంగా చూశాను. అడిగితే పెట్టేసేదాన్ని. పైన పాప పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద నా సంతకం పెట్టి, షెడ్డులో వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. నా కుళ్ళు అక్కడితో చల్లారేది.

మా ఆయన పుస్తకం మూసి, "మీ వదినని అడగరాదూ" అన్నారు. నా చెయ్యి ఆగింది. "షెడ్డులో ఇంకెవరైనా దొరుకుతారేమో."

ఇస్త్రీపెట్టె నిలబెట్టాను. మడతపెట్టిన బట్టల కింద నుంచి ఫారం తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. పాప ఆత్రంగా అందుకుని, పైన చూసి, "పేరు రాయలేదేం వదినా?" అంది.

"వాళ్ళు నీకనుకుని పెట్టలేదు పాపా. నేను నిలబడుతున్నాననుకుని పెట్టారు."

పాప నవ్వింది. వెక్కిరింపు కాదు, పిల్లలు తప్పు చెప్పినప్పుడు వచ్చే నవ్వు. "నువ్వా?" అంది. అత్తయ్య, "ఇది కుర్రాళ్ళ వ్యవహారం కదమ్మా, నిన్నెందుకు అనుకుంటారు" అంది.

"నాకు ఇరవై మూడు నిండి రెండు నెలలు అత్తయ్యా. పాప కంటే నాలుగు నెలలు చిన్న."

అత్తయ్య నన్ను పైనుంచి కింద దాకా చూసింది, బజారులో కొన్న వస్తువు మీద ఏం రాసుందో ఇంటికొచ్చాక చదువుతున్నట్టు. మా ఆయన సబ్బు మొహంతో, "అవునా?" అన్నారు. పెళ్ళి రిజిస్టరు చేయించిన రోజు నా పుట్టినతేదీ తన చేత్తోనే రాశారు.

ముందుగా తేరుకుంది పాపే. మొహం వెలిగిపోయింది. "అయ్యో, ఎంత మొద్దుదాన్ని. ఇరవై ఐదో సంతకం ఇంట్లోనే పెట్టుకుని వీధంతా వెతుకుతున్నాను. వదినా, నువ్వే పెట్టెయ్" అని పెన్ను నా చేతిలో పెట్టింది.

పెన్ను చేతిలో ఉంది. నన్ను చూశారు, చివరికి. చూసి ఒక గీత మీద పెట్టే సంతకం అనుకున్నారు. "నా మాట విన్నావా? వాళ్ళు నేననుకున్నారు. కాదని నేను చెప్పలేదు, అది నా తప్పే. కానీ వాళ్ళ సంతకాల మీద నీ పేరు రాస్తే రెండో తప్పు" అన్నాను. పాప, మరి ముందే ఎందుకు చెప్పలేదు వదినా, వేరే ఫారం తెచ్చుకునేదాన్ని కదా అంది. న్యాయమైన ప్రశ్న. వారం రోజులున్నాయి. ఏ రోజు చెప్పినా సరిపోయేది. వేరే సంతకాలకి టైము లేకుండా పోయేదాకా నేను ఆగాను. ఆపింది న్యాయం కాదని నాకు తెలుసు, పాపకీ తెలిసిపోయింది. "కుళ్ళుకున్నాను" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

వంగి, పైన ఖాళీగా ఉన్న గీత మీద నా పేరు రాశాను. ఈ ఇంట్లో ఎవరూ పిలవని పేరు. నల్లబల్ల మీద రాసినట్టు, తొందరపడకుండా, ప్రతి అక్షరానికీ చోటిచ్చి రాశాను. తర్వాత కాగితం పాప వైపు తిప్పి, పెన్ను ఇరవై ఐదో గీత పక్కన పెట్టాను.

"నిలబడేవాళ్ళు తమది తాము పెట్టకూడదు కదా. నువ్వు పెట్టాలి."

అత్తయ్య ఏదో అనబోయింది. మా ఆయన, పన్నెండు దాకా టైముంది కదా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. పాప వాళ్ళ వైపు చూడలేదు. ఇరవై నాలుగు పేర్లూ పైనుంచి కిందకి చదివింది. గుండీలు కుట్టే పిల్ల సంతకం దగ్గర, నాలుగు వంకర అక్షరాల దగ్గర, కాసేపు ఆగింది. దేశం ఎలా ఉండాలో చెప్పినవాళ్ళెవరో ఇప్పుడు వెతుక్కుంటున్నట్టు. తర్వాత పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. ఎంత నొక్కిందంటే పెన్ను ములుకు కాగితాన్ని కాస్త చీల్చింది. తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏడాదిన్నరగా వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని నిలబడి నేను ఆమెని చూసిన చూపే. ఆమె మొహంలో అది అంత నొప్పిగా కనిపిస్తుందనుకోలేదు. వార్డు ఆఫీసు నుంచి వచ్చాక ఆమెకి చెప్పాల్సినవి చాలా ఉంటాయి, అడగాల్సినవి ఇంకా ఎక్కువ.

ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేశాను. తెల్లచొక్కా ఎడమచెయ్యి ఇంకా ముడతలుగానే ఉంది. ఫారం మడవకుండా అట్టల మధ్య పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలుచున్నపళాన చెప్పుల్లోకి కాళ్ళు దూర్చాను. వెనక నుంచి అత్తయ్య గొంతు వచ్చింది. ఎక్కడికి? ఎందుకు? ఎప్పుడొస్తావు? మూడూ వినిపించాయి. నాలుగోది రాకముందే తలుపు నా వెనక పడింది.